గీతకి పైనున్న మూడు చుక్కలు

యాభై మూడేళ్లకే స్వచ్ఛందంగా పదవీ విరమణ తీసుకున్నాను. దరఖాస్తులో అనారోగ్యం అని రాశాను. అది నిజం కాదు. ఆ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఈ మధ్య ఆరోగ్య శాఖలో లెక్కల ఉద్యోగాలకి కొత్తగా వచ్చిన నలుగురైదుగురు పిల్లలు మా ఇంటికొచ్చారు. "కోనసీమలో అన్నేళ్లు చేశారు కదండీ, మాకు పనికొచ్చేవి రాసిపెట్టండి" అన్నారు. మర్యాదగా అడిగారు. నా ఉద్యోగంలో చెప్పుకోదగ్గ విషయాలు చాలా ఉన్నాయి గానీ, మీకు నిజంగా పనికొచ్చేది ఒక్కటే ఉంది. అది నేను చేసిన తప్పు. దాని బరువు వేరే ఒకావిడ మోసింది. ఆవిడ పేరు సువార్తమ్మ గారు. పేరు మార్చకుండా రాయమని ఆవిడే చెప్పారు. మిగతా వాళ్ల పేర్లు నేనే మార్చాను, ఊరి పేరు దాచాను.

పని ఏమిటంటే

తొంభైల్లో నేను అమలాపురం వైపు ఒక ఆరోగ్య కార్యాలయంలో గణాంక సహాయకుణ్ణి. ఊళ్లలో ఉండే సబ్ సెంటర్ల నుంచి నర్సమ్మలు నెలనెలా రిపోర్టులు తెచ్చేవారు: ఎన్ని జ్వరాలు, ఎన్ని విరేచనాల కేసులు, ఎన్ని కాన్పులు. నేను అవన్నీ కలిపి పైకి పంపాలి. కంప్యూటరు లేదు. ఒక కాలిక్యులేటరు, గ్రాఫు కాగితాల దస్తా, గట్టి పెన్సిలు, స్కేలు. అంతే.

కాలేజీలో నేర్చుకున్నదాన్ని ఉపయోగించాలని నాకు తహతహ. రిగ్రెషన్ అంటే మీకు తెలుసు, కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఒక విషయం తెలిస్తే దాన్ని బట్టి ఇంకో విషయం ఎంతుంటుందో అంచనా కట్టడం. తెలిసినదాన్ని అడ్డంగా, అంచనా కట్టాల్సినదాన్ని నిలువుగా పెట్టి చుక్కలు వేస్తాం. ఆ చుక్కల మధ్యనుంచి, అన్నిటికీ వీలైనంత దగ్గరగా ఒక గీత గీస్తాం. గీత ఎంత వాలుగా ఉందో చూస్తే, అడ్డంగా ఒక అడుగు కదిలినప్పుడు నిలువుగా ఎంత పెరుగుతుందో తెలుస్తుంది. ఏ చుక్క గీతకి ఎంత దూరంలో ఉందో, అది ఆ చుక్క తాలూకు తేడా.

నా ఉద్యోగం మొత్తం గీత మీదే అనుకున్నాను. ఉద్యోగం ఆ తేడాల్లో ఉందని తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

నూట అరవై కేజీల పిల్లాడు

మొదట పసిపిల్లల బరువులతో మొదలుపెట్టాను. పుట్టిన దగ్గర్నుంచి ఆరు నెలల దాకా పిల్లల వయసూ బరువూ తీసుకుని గీత గీస్తే ముచ్చటగా వచ్చింది. నెలవారీ సమావేశంలో గోడకి అంటించి, ఇరవై మంది నర్సమ్మల ముందు ఉపన్యాసం ఇచ్చాను. గీతకి బాగా కిందున్న పిల్లాడు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పంపమని చెప్పాను. అంతవరకు బాగానే ఉంది.

వెనక బెంచీలోంచి సువార్తమ్మ గారు లేచారు. అప్పటికి ఆవిడకి నలభై అయిదుంటాయి. నాకంటే పదేళ్లు పెద్ద. కాలువ చిట్టచివర ఉన్న ఒక శివారు ఊళ్లో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నారు.

"లెక్కల మేష్టారూ, ఓ డౌటండి. ఇదే గీతని అలా పైకి లాక్కుంటూ పోతే, ఈ పిల్లాడు ఇరవయ్యేళ్లకి ఎంత తూగుతాడండి?"

నేను అమాయకంగా కాలిక్యులేటరు తీసి నొక్కాను. "నూట అరవై కేజీలు."

"ఆయ్. మరయితే వాణ్ణి రేవులో పంటు ఎక్కించకూడదండి. గోదాట్లో మునిగిపోద్ది."

హాలంతా నవ్వింది. మా పెద్ద డాక్టరు గారూ నవ్వారు. నేనూ నవ్వినట్టు ముఖం పెట్టాను. ఆవిడ అడిగింది సరైన ప్రశ్న. చూసినంత మేరకే గీతని నమ్మాలి, దాటి పొడిగిస్తే అబద్ధం చెబుతుంది. ఆ పాఠం ఆవిడ ఒక్క జోకులో చెప్పేశారు. నేను మాత్రం పాఠం వదిలేసి నవ్వుని గుర్తుపెట్టుకున్నాను. తరవాత జరిగినదాంట్లో ఆ నవ్వు పాత్ర లేదని చెప్పుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. కుదరలేదు.

కాలువ కట్టేసిన రోజులు

మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, బయటివాళ్ల కోసం రాస్తున్నాను. ఎండాకాలంలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు. మంచినీళ్ల చెరువులు ముందే నింపుకోవాలి. కాలువ మళ్లీ వదిలేదాకా అవే నీళ్లు. రోజులు గడిచేకొద్దీ చెరువు అడుక్కి పోతుంది, నీళ్లు పచ్చబడతాయి, వాంతులూ విరేచనాలూ మొదలవుతాయి. బావి తవ్వుకుందామంటే సముద్రం దగ్గర, ఉప్పు.

ఈ సంబంధం మీద గీత గీస్తే, ఏ సబ్ సెంటరుకి ఎన్ని సెలైన్ సీసాలు కావాలో ముందే చెప్పొచ్చని నాకు తోచింది. నీటిపారుదల వాళ్ల ఉత్తర్వులు తెచ్చుకున్నాను. ఏ కాలువ ఏ రోజు కట్టారో, ఏ రోజు వదిలారో అందులో ఉంటుంది. అవి అడ్డంగా. విరేచనాల కేసులు నిలువుగా. మూడు వేసవుల చుక్కలు వేశాను.

చుక్కలన్నీ దారం మీద గుచ్చినట్టు వచ్చాయి. కాలువ ఒక రోజు ఎక్కువ ఆగితే సబ్ సెంటరుకి సుమారు కేసున్నర పెరుగుతోంది.

మూడు చుక్కలు తప్ప. అవి గీతకి చాలా పైన, విడిగా, పక్కపక్కనే ఉన్నాయి. ముప్పై రోజులు కాలువ ఆగిన ఊళ్లలో ముప్పై కేసులుంటే, అక్కడ అరవై. మూడు వేసవుల్లోనూ అంతే. మూడూ సువార్తమ్మ గారి సబ్ సెంటరువి.

డాక్టరు గారి వేలు

కాగితం పట్టుకెళ్లి పెద్ద డాక్టరు గారికి చూపించాను. ఆయన చెడ్డవాడు కాదు. జిల్లా సమావేశంలో కొత్తగా ఏదైనా చూపించాలని ఆయనకీ ఆశ. ఆ మూడు చుక్కల మీద వేలు పెట్టారు.

"ఏంటయ్యా ఇవి?"

"శివారు ఊరండి. సువార్తమ్మ గారిది."

"సీసాలు ఎక్కువ రావాలని ఆవిడ పెంచి రాస్తోంది. ఇవి ఉంటే గీత అందం చెడిపోతోంది. తీసెయ్యి."

"ఓసారి ఊరెళ్లి చూసొస్తానండి" అనాలి. ఇరవై మైళ్లు. బస్సుంది. నేను అనలేదు. "నాకూ అదే అనిపించిందండి" అన్నాను. నిజంగా అనిపించింది కూడా. పంటు మునిగిపోద్దన్న మనిషి అబద్ధాలకోరు అయితే బాగుండునని నాలో ఎవరో కోరుకున్నారు.

చుక్కలు తుడిచేశాను. రబ్బరుతో రుద్దిన చోట కాగితం కాస్త పలచబడింది. గీత మళ్లీ లెక్కవేస్తే ఇంకా చక్కగా వచ్చింది. జిల్లాలో మెచ్చుకున్నారు. మరుసటి వేసవికి సెలైన్ పంపకం నా గీత ప్రకారమే చెయ్యాలన్నారు. జాబితా నేనే తయారుచేశాను. శివారు ఊరికి ఆ వేసవి మొత్తానికి ముప్పై రెండు కేసులు.

బల్ల మీద రెండు గంటలు

కాలువ కట్టేసిన పద్దెనిమిదో రోజు. ఉదయం పది గంటలకి సువార్తమ్మ గారు బస్సు దిగి నేరుగా నా బల్ల దగ్గరకొచ్చారు. తెల్లచీర మోకాళ్ల దాకా తడిసి ఎండిపోయింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేష్టారూ, మీ గీత ప్రకారం మా ఊరికి ఎంతమందండి?"

"ముప్పై రెండు."

"ముప్పై రెండో మనిషి లెక్క మొన్ననే అయిపోయిందండి. ఇప్పుడు నా వరండాలో పదకొండు మంది పడుకుని ఉన్నారు. సీసా ఒక్కటి లేదు. ఇద్దరి చేతుల్లోంచి మగ్గు జారిపోతోంది, ఉప్పూ పంచదార నీళ్లు కూడా నిలబడ్డంలేదు. వాళ్లని ఏం చెయ్యమంటారు? మీరు లెక్కలో లేరు, ఇంటికెళ్లండని చెప్పనా?"

డాక్టరు గారు కాకినాడలో సమావేశానికి వెళ్లారు. మందుల గది చూసే ఫార్మసిస్టు మంచివాడు. "మీరు జాబితా దిద్ది సంతకం పెట్టండి బాబూ, రెండు పెట్టెలు ఇప్పుడే ఇచ్చేస్తాను" అన్నాడు. అంటే అది పూర్తిగా నా చేతిలో పని. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నేను ఆవిణ్ణి బయట బల్ల మీద కూర్చోమన్నాను. "ఒక్కసారి చూసి చెబుతానండి" అన్నాను.

ఏం చూశానో చెబుతాను. ఆ రెండు గంటలూ నేను గీతని మళ్లీ లెక్కవేశాను. కూడికలు సరిచూశాను. వర్గాలు సరిచూశాను. వాలు అదే వచ్చింది. మూడోసారి వేశాను. జాబితా దిద్దితే గీత తప్పని నేనే సంతకం పెట్టినట్టవుతుంది. ఆ ఒక్క భయంతో, బయట ఒక మనిషి కూర్చుని ఉండగా, నేను కాలిక్యులేటరు నొక్కుతూ కూర్చున్నాను. కిటికీలోంచి ఆవిడ కనిపిస్తూనే ఉన్నారు. అటూ ఇటూ చూడకుండా, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని.

పన్నెండు దాటాక ఆవిడ గుమ్మంలోకి వచ్చారు. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"మేష్టారూ, నేను అబద్ధం చెప్పేననుకుంటే రేపు నా ఉద్యోగం తీసేయించండి. ఈవేళ మాత్రం సీసాలిప్పించండి."

సంతకం పెట్టాను. జీపులో పెట్టెలు ఎక్కించి పంపాను. నేను వెళ్లలేదు.

జీపు ఊరు చేరేసరికి నాగమణి అనే ఆవిడ వరండాలోనే చనిపోయి పావుగంటయిందట. కొబ్బరి పీచు తాళ్లు పేనేది. ఇరవై ఆరేళ్లు. మిగతా పదిమందీ బతికారు. రెండు గంటల ముందు సీసా ఎక్కించి ఉంటే ఆవిడ బతికేదా అని తరవాత ఒక డాక్టరుని అడిగాను. ఆయన నా ముఖం చూసి, తరవాతి రోగిని పిలిచారు.

లస్కరు పుస్తకం

నాలుగు రోజుల తరవాత, ఏడాది కిందటే వెళ్లాల్సిన ఊరికి వెళ్లాను. సబ్ సెంటరు వైపు వెళ్లే ధైర్యం లేదు. కాలువ గట్టున చివరి లాకు దగ్గర లస్కరు ఉన్నాడు. లాకుల తలుపులు దించడం, ఎత్తడం, నీటిమట్టం రాసుకోవడం వాళ్ల పని. ముసలాయన. కాలువ అడుగున నెర్రెలు విచ్చి ఉంది.

"ఇక్కడ కూడా ఇరవై రెండు రోజుల కిందటే కట్టేరా తాతగారూ?" అని ఊరికే అడిగాను.

"కట్టేదేంటి బాబూ, మాకు నీళ్లొస్తే కదా కట్టేది. పైన దాళ్వా చేలవాళ్లు రెండో పంటకి ఆఖరి తడని ఇంజన్లు పెట్టి తోడేసుకుంటారండి. ఉత్తర్వు రాకముందే పన్నెండు రోజులు మాకు చుక్క లేదు. మళ్లీ వదిలేక కూడా నారుమళ్లకని పైవాళ్లే నీళ్లు లాగేసుకుంటారు. మా దాకా తడి రావడానికి ఇంకో తొమ్మిది, పది రోజులు పడద్ది. ఏటా ఇంతేనండి."

"ఏటా?"

"రాసి ఉంది, చూసుకోండి."

చొక్కా జేబులోంచి ఒక మడతల పుస్తకం తీశాడు. నీటిమట్టం సున్నా అయిన రోజూ, మళ్లీ పెరిగిన రోజూ. మూడు వేసవులూ ఉన్నాయి. గట్టు మీదే కూర్చుని లెక్కపెట్టాను. ఉత్తర్వులో ముప్పై రోజులైతే, ఈ ఊరికి యాభై ఒకటి.

ఇంటికొచ్చి తుడిచేసిన చుక్కల్ని మళ్లీ పెట్టాను. నా కాగితం నలభై అయిదు రోజుల దగ్గర అయిపోయింది. పక్కన ఇంకో కాగితం అతికించాల్సి వచ్చింది. గీతని స్కేలుతో పొడిగించాను. మూడు చుక్కలూ వచ్చి దాని మీద కూర్చున్నాయి. గీతని చూసినంత మేర దాటించకూడదని ఆవిడ నాకు నేర్పారు. ఇక్కడ దాటింది నేను కాదు, ఆ ఊళ్లో జనం. ఏటా దాటుతూనే ఉన్నారు.

ఆవిడ రాసిన కేసుల సంఖ్యలో తప్పు లేదు. ఆవిడ నిలువు సరిగ్గా రాశారు. అడ్డం నేను తప్పు పెట్టాను.

విచారణ

మనిషి పోయింది కాబట్టి పైనుంచి ఒక అధికారి వచ్చారు. అతికించిన కాగితం మడిచి నా సంచీలో ఉంది. పొద్దున్నే డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి, "ఆ మూడు చుక్కలూ నువ్వు నాకు చూపించలేదు, నేను చూడలేదు. పిల్లలు గలవాడివి, చూసుకో" అన్నారు. బెదిరించినట్టు అనలేదు. ఆయనకీ భయమే.

అధికారి సూటిగా అడిగారు. "అంచనాలో ఈ ఒక్క సబ్ సెంటరు గత లెక్కలు ఎందుకు కలపలేదు?"

సంచీ నా కాళ్ల దగ్గర ఉంది. చెయ్యి చాపితే అందుతుంది.

"అక్కడినుంచి రిపోర్టులు సకాలంలో అందలేదండి" అన్నాను.

ఆయన రాసుకున్నారు. అంతే. ఒక వాక్యం. ఆ వాక్యం మీద సువార్తమ్మ గారి సర్వీసు పుస్తకంలో మందలింపు ఎక్కింది. ఆవిణ్ణి ఏజెన్సీకి బదిలీ చేశారు. అంతకంటే పెద్దది, ఊళ్లో మాట. నర్సమ్మ రిపోర్టు పంపలేదట, అందుకే సీసాలు రాలేదట, నాగమణి అందుకే పోయిందట. పదిహేనేళ్లు ఆ ఊరి కాన్పులన్నీ చేసిన మనిషిని ఆ మాటతో సాగనంపారు.

మందలింపు కాగితం నకలు నా బల్ల మీదకే వచ్చింది, ఫైలులో పెట్టమని. పెట్టాను.

మీకు చెప్పాల్సింది

ఇప్పుడు మీకు కంప్యూటర్లున్నాయి. గీత క్షణంలో వస్తుంది. తుడవడం ఇంకా సులువు, కాగితం పలచబడదు కూడా.

గీతకి దూరంగా ఉన్న చుక్కని తీసేసే ముందు అది ఏ ఊరో, అక్కడ రాసిన మనిషి ఎవరో వెళ్లి చూడండి. సంఖ్య తప్పని తేలితే తీసెయ్యండి. తీసేశానని, ఎందుకు తీశానని అదే కాగితం మీద రాయండి. నేను అది కూడా రాయలేదు.

ఇంకొకటి. గీత చెప్పేది సగటు. నా గీత అన్ని విధాలా సరైనదే అయినా, సరిగ్గా గీత దగ్గరికే మందులు పంచితే, సుమారు సగం ఊళ్లకి సీసాలు చాలవు. ఎందుకంటే సగం చుక్కలు ఎప్పుడూ గీతకి పైనే ఉంటాయి. మందులు పంచేటప్పుడు గీతకి పైన ఎంత దూరం దాకా చుక్కలు పోతాయో చూసి, అక్కడి దాకా పంచాలి. ఇది పుస్తకాల్లో ఉంటుంది. నేను చదివాను, పరీక్షలో రాశాను కూడా.

మనిషి గుమ్మంలోకొచ్చి లెక్క తప్పంటే, ముందు మందు ఇవ్వండి. లెక్క తరవాత చూసుకోవచ్చు.

మామిడికుదురు దగ్గర

పదిహేడేళ్లు గడిచాక, పదవీ విరమణకి కాగితం పెట్టిన వారంలో, సువార్తమ్మ గారిని వెతుక్కుంటూ వెళ్లాను. మామిడికుదురు దగ్గర తమ్ముడి ఇంటి పక్కన చిన్న ఇంట్లో ఉంటున్నారు. గుర్తుపట్టారు.

"రండి మేష్టారూ. పిల్లాడు నూట అరవై కేజీలయ్యేడా?"

అతికించిన గ్రాఫు కాగితం ఆవిడ ముందు పరిచి, జరిగింది మొత్తం చెప్పాను. లస్కరు పుస్తకం, సంచీ, విచారణలో నేనన్న వాక్యం. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మూడు చుక్కల్నీ వేలితో తడిమి చూశారు. లేచి లోపలికెళ్లి ఒక పాలిథిన్ కవరు తెచ్చారు. అందులో మూడు వేసవుల రిపోర్టుల కార్బన్ నకళ్లు. ప్రతిదాని కిందా 'అందినది' అని రాసి, తేదీ వేసి, సంతకం. నా సంతకం.

"ఇవి మీ దగ్గరున్నాయా?" అన్నాను.

"విచారణ రోజు తెచ్చేనండి. పిలుస్తారని మీ గది బయట బల్ల మీద కూర్చున్నాను. సాయంత్రం జవాను వచ్చి, అయిపోయిందమ్మా, తలుపేసేస్తాను అన్నాడు."

నేను క్షమించమని అడిగాను.

"నేను క్షమించేనంటే మీరు ఇంటికెళ్లి హాయిగా పడుకుంటారండి. అననండి. ప్రభువుని అడగండి, ఆయన పని అది. నాకు వేరే పని చేసిపెట్టండి. నాగమణి మొగుడు సత్తిబాబు ఇప్పటికీ సంతలో నన్ను చూస్తే వీధి మారిపోతాడు. వాడి ఇద్దరు పిల్లల్నీ ఈ చేతుల్తోనే బయటికి తీసేను. వాడికి చెప్పండి. తరవాత ఎక్కడైనా రాస్తే, నా పేరు పెట్టే రాయండి. తప్పు చేసినట్టు నా పేరే సర్వీసు పుస్తకంలో ఉంది కదా."

ఆ నకళ్లు జతచేసి ఆఫీసుకి లిఖితపూర్వకంగా రాశాను. పాత ఫైళ్లు లేవని జవాబొచ్చింది. మందలింపు మాత్రం సర్వీసు పుస్తకంలో ఉంది, దాన్ని కొట్టెయ్యడానికి ఆధారం ఫైల్లో ఉండాలట.

సత్తిబాబు దగ్గరికి వెళ్లాను. పెరట్లో ఇనప గుణపానికి కొబ్బరికాయలు గుచ్చి ఒలుస్తున్నాడు. నిలబడే చెప్పాను. చెబుతున్నంతసేపూ ఒలుస్తూనే ఉన్నాడు. ఆఖర్న ఆపాడు.

"ఆవేళ ఆవిడ మీ దగ్గరికి ఎన్నింటికొచ్చేరండి?"

"పదింటికి."

"మీరు సంతకం ఎన్నింటికి పెట్టేరు?"

"పన్నెండు దాటాక."

అతను ఇంకో కాయ తీసుకున్నాడు. గుణపానికి గుచ్చాడు గానీ తిప్పలేదు.

"ఆవిడతో నేను మాట్లాడతానండి," అన్నాడు. "మీరు ఎల్లండి."

వచ్చేశాను. అతను మాట్లాడాడని ఆవిడ తమ్ముడి ద్వారా తెలిసింది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

ఫైలు లేదన్నారు కాబట్టి, అందులో ఉండాల్సింది ఇక్కడ రాస్తున్నాను. శివారు సబ్ సెంటరు నర్సమ్మ సువార్తమ్మ గారు మూడు వేసవుల రిపోర్టులూ సకాలంలో పంపారు. వాటిలో ఒక్క సంఖ్య కూడా తప్పు కాదు. అందుకుని సంతకం పెట్టింది నేను.